‘ఇఫ్’ కనిపించిన ప్రతిచోటా ‘వర్’ రాయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం గానీ నా చదువంతా ఒడియా మాధ్యమంలో సాగింది. ఉపాధ్యాయ అర్హత పరీక్షకు చదువుకుంటూ, సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. ‘ఇఫ్’ వాక్యాల దగ్గర నాకే తికమకగా ఉంది. రేపటి సంగతి చెబుతూ ‘ఇఫ్ యు కేమ్ టుమారో’ అని భూతకాలం ఎందుకు వాడతారు? ‘ఐ’ పక్కన ‘వాజ్’ రావాలని చిన్నప్పుడు నేర్చుకున్న మాకు ఇప్పుడు ‘ఇఫ్ ఐ వర్’ అని చెబుతున్నారు, ఇదేమిటి? ఒక విద్యార్థి ‘ద టీచర్ ఆస్క్‌డ్ మి ఇఫ్ మై ఫాదర్ వర్ ఎట్ హోమ్’ అని రాస్తే, ‘ఇఫ్’ ఉంది కదా అని మార్కు వేశాను. బడిలో వాళ్ళ మాస్టారు అదే వాక్యాన్ని కొట్టివేశారు. మరో అమ్మాయి ‘ఇఫ్ హి వుడ్ హ్యావ్ టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్’ అని రాసింది. అది తప్పని తెలుసు గానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. దయచేసి వివరించగలరు.

జవాబు: అమ్మా, బడిలో మాస్టారు కొట్టివేయడం సబబే. మీరు మార్కు వేయడానికి చూపిన కారణం, అంటే ‘ఇఫ్’ ఉంటే ‘వర్’ రావాలన్నది, చాలా గైడ్లు పరోక్షంగా నేర్పుతున్న పొరపాటే కనుక అందులో మీ దోషం తక్కువ. మీ నాలుగు సందేహాలూ వేర్వేరుగా కనిపిస్తున్నా, ‘ఇఫ్’ వాక్యంలో భూతకాల రూపం ఏం చెబుతుందో తేల్చుకుంటే మిగిలినవి దాని వెంటే తేలతాయి. అందుచేత మొదట అక్కడే కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

ఇంగ్లీషులో భూతకాల రూపానికి రెండు పనులు ఉన్నాయి. మొదటిది అందరికీ తెలిసినదే, జరిగిపోయిన దాన్ని చెప్పడం. రెండోది, చెప్పేవాడు ఆ సంగతిని వాస్తవానికి ఎడంగా నిలబెడుతున్నాడని, అంటే జరుగుతుందన్న నమ్మకం తనకు లేదనో, అది నిజం కాదని తనకు తెలుసుననో సూచించడం. గుణుపురం నుంచి మీ ఊరి మీదుగా నౌపడ వెళ్ళే రైలునే తీసుకోండి. ‘ఇఫ్ ద ట్రెయిన్ కమ్స్ ఆన్ టైమ్ టుమారో, వి విల్ రీచ్ నౌపడ బిఫోర్ నూన్’ అన్నవాడు రైలు వేళకు రావచ్చు, రాకపోవచ్చు అని తలుపు తెరిచి ఉంచాడు. ‘ఇఫ్ ద ట్రెయిన్ కేమ్ ఆన్ టైమ్ టుమారో, వి వుడ్ రీచ్ నౌపడ బిఫోర్ నూన్’ అన్నవాడు కూడా రేపటి రైలు గురించే మాట్లాడుతున్నాడు. కాకపోతే అది వేళకు వస్తుందన్న ఆశ అతనికి పెద్దగా లేదు. రెండు వాక్యాల్లోనూ కాలాన్ని చెబుతున్న మాట ‘టుమారో’. ‘కేమ్’ చెబుతున్నది ఆ మనిషి అపనమ్మకాన్ని. పిల్లలకు ఈ రెండు వాక్యాలను పక్కపక్కన నల్లబల్ల మీద రాసి, వీటిలో ఎవరు గొడుగు, అన్నం డబ్బా వెంట తెచ్చుకుంటారని అడిగితే, వ్యాకరణ పరిభాష ఒక్కటీ లేకుండానే తేడా అర్థమవుతుంది.

భూతకాల రూపంతో భవిష్యత్తును చెప్పడం వింత అని మనకు అనిపించనక్కరలేదు. ‘రేపు వర్షం కురిసినట్లయితే సంత జరగదు’ అని మనం నిత్యం రాస్తూనే ఉంటాం, ‘కురిసిన’ అన్నది భూతకాలపు రూపమే కదా. పాత కాగితాల్లో ‘రేపు వచ్చిన యెడల’, ‘వచ్చినచో’ అని కనిపించేవీ అటువంటివే, మన వ్యాకరణం వీటిని చేదర్థకాలంటుంది. మీరు బడిలో చదువుకున్న ఒడియాలో ఇది ఇంకా స్పష్టం. ‘సే ఆసిలే’ అంటే ‘ఆయన వచ్చారు’ అని అర్థం. ‘సే కాలి ఆసిలే ముఁ జిబి’ అన్నప్పుడు అదే ‘ఆసిలే’ ‘రేపు ఆయన వస్తే’ అని అర్థమిస్తుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తెలుగులో ‘కురిసినట్లయితే’ అన్నా, ఒడియాలో ‘ఆసిలే’ అన్నా చెప్పేవాడి అపనమ్మకం అందులో లేదు, అది మామూలు షరతు మాత్రమే. అపనమ్మకాన్ని ఆ రూపానికి అప్పగించింది ఇంగ్లీషు. పోలిక అక్కడి వరకే పనికివస్తుంది.

ఆ అపనమ్మకాన్ని తెలుగు ఎక్కడ పెడుతుందో గమనించారంటే మీ పిల్లల తప్పులు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా తెలిసిపోతుంది. ‘డబ్బుంటే సైకిలు కొంటాను’, ‘డబ్బుంటే సైకిలు కొనేవాణ్ణి’ అన్న రెండు మాటల్లోనూ ‘డబ్బుంటే’ మారలేదు. మొదటివాడి దగ్గర డబ్బు ఉండవచ్చునని, రెండోవాడి దగ్గర లేదని మనకు తెలియజేస్తున్నవి చివరి క్రియలు మాత్రమే. షరతును చెప్పే భాగాన్ని తెలుగు తటస్థంగా వదిలి, ప్రధాన క్రియ చేతనే పని చేయించుకుంటుంది. ఇంగ్లీషు అలా ఊరుకోదు, రెండు భాగాల్లోనూ గుర్తు పెట్టాలంటుంది: ‘ఇఫ్ ఐ హ్యావ్ మనీ, ఐ విల్ బై ఎ సైకిల్’ అనేది ఒకటి, ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ సైకిల్’ అనేది మరొకటి. తెలుగు అలవాటుతో ఆలోచించే విద్యార్థి మొదటి భాగాన్ని మార్చకుండా, రెండో భాగాన్ని మాత్రం మార్చి ‘ఇఫ్ ఐ హ్యావ్ మనీ, ఐ వుడ్ బై ఎ సైకిల్’ అంటాడు. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు కనుక నూరుసార్లు రాయించినంత మాత్రాన పోదు. ఇంగ్లీషులో గుర్తు రెండు చోట్ల పడుతుందని చెప్పి, తెలుగు వాక్యాల జత పక్కన ఇంగ్లీషు వాక్యాల జతను చూపించాలి.

‘కొనేవాణ్ణి’ అన్న రూపాన్నీ ఒక్కసారి చూడండి. ‘చిన్నప్పుడు రోజూ ఏటికి వెళ్ళేవాణ్ణి’ అన్నప్పుడు అది గతంలోని అలవాటు. ‘సెలవుంటే వెళ్ళేవాణ్ణి’ అన్నప్పుడు జరగని ఊహ. ఇంగ్లీషు ‘వుడ్’ కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. పిల్లలకు ‘వుడ్’ కొరుకుడు పడని చోట ‘-ఏవాణ్ణి, -ఏదాన్ని’ రూపాలతో నేర్పి చూడండి, నా ఉద్దేశంలో పాఠ్యపుస్తకాల్లోని పట్టికలన్నిటికంటే ఇదే దగ్గరి దారి.

ఇక ‘వర్’ సంగతి. ప్రాచీన ఆంగ్లంలో ఊహను, కోరికను, సందేహాన్ని చెప్పడానికి క్రియలకు వేరే ప్రత్యయాలు ఉండేవి. సబ్జంక్టివ్ అనే పేరు వాటికి సంబంధించినదే. తరువాతి శతాబ్దాల్లో పదాంతంలోని అచ్చులు బలహీనపడి రాలిపోవడంతో, ఒక్కొక్క క్రియలోనూ ఆ రూపం మామూలు భూతకాల రూపంతో కలిసిపోయింది. ‘ఇఫ్ ఐ హ్యాడ్’, ‘ఇఫ్ ఐ న్యూ’, ‘ఇఫ్ ఐ కేమ్’ అన్నప్పుడు అది సబ్జంక్టివా, వట్టి భూతకాలమా అని చూసి చెప్పే వీలు ఇప్పుడు లేదు. ‘బీ’ అనే ఒక్క క్రియలో మాత్రం, అదీ ‘ఐ’, ‘హి’, ‘షి’, ‘ఇట్’ల పక్కన మాత్రమే, పాత రూపం విడిగా మిగిలింది. చిన్నప్పుడు మీరు నేర్చుకున్న ‘ఐ వాజ్’ జరిగిన సంగతికి చెందినది, ‘ఇఫ్ ఐ వర్’ జరగని ఊహకు చెందినది; ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు. వర్తమాన రూపంలోనూ ఒకప్పుడు ‘ఇఫ్ ఇట్ బీ’ అనేవారు, నేడు అది ‘ఇఫ్ నీడ్ బీ’ వంటి ఒకటి రెండు పడికట్టు మాటల్లో తప్ప వినిపించదు. వ్యాకరణవేత్తలందరూ ఈ ‘వర్’ను సబ్జంక్టివ్ అని ఒప్పుకోరు కూడా. 2002లో వెలువడిన హడిల్‌స్టన్, పుల్లమ్‌ల పెద్ద వ్యాకరణం దీనికి ‘ఇర్రియాలిస్ వర్’ (వాస్తవం కానిదాన్ని చెప్పే ‘వర్’) అని వేరే పేరు పెట్టి, సబ్జంక్టివ్ అన్న పేరును ‘ఐ సజెస్ట్ దట్ హి గో’ వంటి వాక్యాలకు పరిమితం చేసింది. మీ పరీక్షలో సబ్జంక్టివ్ అనే అడుగుతారు కాబట్టి ఆ పేరుతోనే గుర్తుపెట్టుకోండి, ఈ వాదంలో మీరు తలదూర్చవలసిన అవసరం లేదు.

‘ఇఫ్ ఐ వాజ్ యు’ అని అనేవారు ఇంగ్లండులోనే కోకొల్లలు. మాటల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. లిఖితభాషలో, పరీక్షల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఇఫ్ ఐ వర్ యు’, ‘ఇఫ్ హి వర్ హియర్’ అన్నవే మర్యాద గల ప్రయోగాలుగా నిలిచి ఉన్నాయి. శిష్టులు వాడేదే ప్రమాణమని మీ ఊళ్ళోనే ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు తెలుగు విషయంలో ఎంత గట్టిగా వాదించారో మీకు తెలిసే ఉంటుంది. ఆ కొలత పెట్టి చూస్తే ‘ఇఫ్ ఐ వాజ్’ను అపభ్రంశమని కొట్టిపారేయడం కుదరదు, చదువుకున్నవారు కూడా మాట్లాడేటప్పుడు దాన్ని వాడుతున్నారు. కనుక మీ విద్యార్థి సంభాషణ రాస్తూ ‘ఇఫ్ ఐ వాజ్ రిచ్, ఐ వుడ్ బై ఎ హౌస్’ అంటే పెన్సిలుతో ‘వర్’ అని పైన రాసి వదిలేయండి. వ్యాసంలో రాస్తే మాత్రం దిద్దండి.

అసలు ప్రమాదం దీనికి ఎదురు దిశలో ఉంది. ‘వర్’ గొప్పదని విన్నవాళ్ళు అవసరం లేని చోట కూడా దాన్ని పెట్టేస్తారు, మీ విద్యార్థి చేసింది అదే. ‘ద టీచర్ ఆస్క్‌డ్ మి ఇఫ్ మై ఫాదర్ వాజ్ ఎట్ హోమ్’ అన్న వాక్యంలో షరతు ఏదీ లేదు. ‘మా నాన్న ఇంట్లో ఉన్నారా అని అడిగారు’ అని చెప్పడానికి ‘వెదర్’కు బదులు ‘ఇఫ్’ వచ్చింది. అక్కడ ‘ఇఫ్’ తీసి ‘వెదర్’ పెట్టినా అర్థం చెడకపోతే, ‘వాజ్’ను కదపకూడదు. రెండో సందర్భం ఇంకొంచెం సూక్ష్మమైనది. ‘ఇఫ్ ఐ వాజ్ రూడ్ ఎస్టర్‌డే, ఐ యామ్ సారీ’ అన్నవాడు నిన్న తాను దురుసుగా మాట్లాడి ఉండవచ్చునని ఒప్పుకుంటున్నాడు, జరగలేదని అనడం లేదు. ఇది నిజంగానే గడిచిన కాలం, ‘వాజ్’ ఇక్కడ తన మొదటి పనిలోనే ఉంది. దీన్ని ‘ఇఫ్ ఐ వర్ రూడ్ ఎస్టర్‌డే’ అని రాస్తే క్షమాపణ కాస్తా, నేను అలా మాట్లాడలేదన్న బుకాయింపు వైపు జారుతుంది. ‘ఇఫ్ ద రివర్ వాజ్ ఇన్ ఫ్లడ్, ద బోట్‌మెన్ వెయిటెడ్’, అంటే వంశధార పొంగినప్పుడల్లా పడవవాళ్ళు ఆగేవారు అన్నదీ ఈ కోవలోదే.

ఏది ఏ కోవదో తేల్చుకోవడానికి మొదట ‘ఇఫ్’ను చూడకండి, ప్రధాన వాక్యాన్ని చూడండి. అక్కడ ‘వుడ్’, ‘కుడ్’, ‘మైట్’లలో ఒకటి ఊహను చెబుతూ ఉంటే ‘వర్’ రాయడానికి అవకాశం ఉంది. అక్కడ ‘విల్’ గానీ, మామూలు వర్తమానం గానీ, మామూలు భూతకాలం గానీ ఉంటే ‘వర్’కు చోటు లేదు. ఈ పరీక్ష నూటికి నూరు పాళ్ళూ నిలుస్తుందని అనను, ఎందుకంటే గతంలోని అలవాటును చెప్పే ‘వుడ్’ ఒకటి ఉందని పైన చూశాం. కానీ పదో తరగతి ప్రశ్నపత్రంలో వచ్చే వాక్యాలకు ఇది చాలు.

మరి ఊహ నిన్నటిదైతే? భూతకాల రూపాన్ని అపనమ్మకానికి వాడేసుకున్నాం కదా, గడిచిన కాలాన్ని చెప్పడానికి ఏం మిగిలింది? ఇంకొక మెట్టు వెనక్కి వెళ్ళి ‘హ్యాడ్’ తెచ్చుకోవడం మిగిలింది. ‘ఇఫ్ హి హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్’ అన్న వాక్యంలో ‘హ్యాడ్ టోల్డ్’ ఒకేసారి రెండు మాటలు చెబుతోంది, సంగతి నిన్నటిదని, అది జరగలేదని. మీ దగ్గర చదివే ఆ అమ్మాయి ‘వుడ్ హ్యావ్’ను రెండు వైపులా ఎందుకు పెట్టిందో ఊహించడం కష్టం కాదు. తెలుగులో ‘చెప్పి ఉంటే వచ్చి ఉండేదాన్ని’ అన్నప్పుడు ‘ఉండు’ రెండు వైపులా వస్తోంది. ఆ సమతూకం చెవికి ఇంపుగా ఉంటుంది, ఇంగ్లీషులోనూ అలాగే ఉండాలనిపిస్తుంది. ఒడియా ఇక్కడ ఒక చేత్తో సాయం చేసి ఇంకో చేత్తో అడ్డుపడుతుంది. ‘సే కహిథిలే ముఁ ఆసిథాంతి’ (ఆయన చెప్పి ఉంటే నేను వచ్చి ఉండేదాన్ని) అనేటప్పుడు షరతులో ‘థిలే’, ప్రధాన క్రియలో ‘థాంతి’ వేర్వేరుగా ఉన్నాయి, ‘హ్యాడ్’ ఒకవైపు, ‘వుడ్ హ్యావ్’ ఒకవైపు ఉన్నట్టే. ఒడియా మాధ్యమపు పిల్లలకు ఈ ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషు వాక్యం కింద మాటకు మాట రాసి చూపించండి. కానీ ‘ఇఫ్’కు సమానమైన ‘జది’ పెట్టి మాట్లాడినప్పుడు షరతులోకి కూడా ‘థాంతి’ వచ్చేస్తుంది. బడుల్లో వ్యాసానికి ఇచ్చే ‘ముఁ జది ప్రధానమంత్రి హొఇథాంతి’ అన్న శీర్షికనే చూడండి. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే ‘ఇఫ్ ఐ వుడ్ బీ ద ప్రైమ్ మినిస్టర్’ అవుతుంది, కావలసింది మాత్రం ‘ఇఫ్ ఐ వర్ ద ప్రైమ్ మినిస్టర్’. ఊహను చెప్పే ‘వుడ్’ ప్రధాన వాక్యం సొత్తు, షరతులో దానికి చోటు లేదు. ఇంతే కారణం, ఆ అమ్మాయికి ఈ మాటే చెప్పండి. అమెరికాలో మాటల్లో ‘ఇఫ్ హి వుడ్ హ్యావ్ టోల్డ్ మి’ వినిపిస్తూనే ఉంటుంది గానీ అక్కడ కూడా రాతలో దాన్ని దిద్దుతారు. షరతులో ‘వుడ్’ న్యాయంగా వచ్చే చోటు ఒకటుంది: ‘ఇఫ్ యు వుడ్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ ద ఆఫీసర్’ అని మర్యాదగా అడిగేటప్పుడు. అక్కడ ‘వుడ్’కు ‘దయచేసి సమ్మతిస్తే’ అని అర్థం, అది ఊహ కాదు.

మీ పుస్తకంలో జరగవచ్చునన్న షరతుకు ఫస్ట్, జరగదనుకునే ఊహకు సెకండ్, గతంలో జరగని ఊహకు థర్డ్ కండిషనల్ అని మూడు గదులు గీసి ఉంటాయి. పరీక్షలో అడుగుతారు కాబట్టి ఆ పేర్లు నేర్పక తప్పదు, కానీ ఒక గదిలోని షరతు ఇంకో గదిలోని ఫలితంతో కలవకూడదన్న భ్రమ కలిగించడం వాటిలోని లోపం. మీ ఊరినే ఉదాహరణగా చెబుతాను. ఒరిస్సా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీలో పట్టణంతో సహా కొంత భాగం అందులో చేరింది, పాతపట్నం, టెక్కలి వైపు భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గిడుగువారు ఆ తరువాత పర్లాకిమిడి విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. దీని మీద ఇలా రాయవచ్చు: ‘ఇఫ్ పర్లాకిమిడి హ్యాడ్ రిమెయిన్డ్ ఇన్ మద్రాస్, గిడుగు మైట్ నాట్ హ్యావ్ లెఫ్ట్ ద టౌన్’. షరతు గతంలోనిది, ఫలితమూ గతంలోనిదే, అంచేత మూడో గదిలో చక్కగా ఇమిడింది. ఇప్పుడు దీన్ని చూడండి: ‘ఇఫ్ పర్లాకిమిడి హ్యాడ్ రిమెయిన్డ్ ఇన్ మద్రాస్, ఐ వుడ్ బీ టీచింగ్ ఇన్ తెలుగు టుడే’. షరతు 1936 నాటిది, ఫలితం నేటిది. కనుక ‘వుడ్ హ్యావ్ బీన్’ అనక్కరలేదు, ‘వుడ్ బీ’ చాలు. తెలుగులో ‘అప్పుడు అలా జరిగి ఉంటే ఇప్పుడు ఇలా ఉండేదాన్ని’ అని సునాయాసంగా అంటాం కదా, ఇంగ్లీషు కూడా అంతే సునాయాసంగా అంటుంది. గదులను కంఠస్థం చేయించే బదులు, షరతు ఎప్పటిది, ఫలితం ఎప్పటిది, చెప్పేవాడికి నమ్మకం ఉందా అని మూడు ప్రశ్నలు వేయించండి.

‘ఐ విష్ ఐ వర్’, ‘హి టాక్స్ యాజ్ ఇఫ్ హి వర్ ద కలెక్టర్’ వంటివి ఇదే సూత్రం కింద వస్తాయి, వీటికి వేరే పాఠం అక్కరలేదు. ‘ఇఫ్’ను తీసేసి క్రియను ముందుకు తెచ్చే పద్ధతి ఒకటుంది: ‘వర్ ఐ ఇన్ యువర్ ప్లేస్’, ‘హ్యాడ్ ఐ నోన్’, ‘షుడ్ యు నీడ్ హెల్ప్’. ఈ మూడు మాటలకే ఆ చోటు ఉంది. ‘వాజ్ ఐ ఇన్ యువర్ ప్లేస్’ అనడం మాత్రం మాటల్లో కూడా చెల్లదు, ‘వర్’కు ఇంకా గట్టిగా మిగిలిన హక్కు ఇదొక్కటే కావచ్చు.

ఇక మార్కుల సంగతి. ‘ఇఫ్ ఐ హ్యావ్ మనీ, ఐ వుడ్ బై’ అన్నదానికీ, షరతులో ‘వుడ్ హ్యావ్’ పెట్టినదానికీ మార్కు తగ్గించండి, ఎందుకంటే అవి అర్థం దగ్గరా నిర్మాణం దగ్గరా తప్పు. పరోక్ష ప్రశ్నలో ‘వర్’ రాసినదానికీ తగ్గించండి. ఊహావాక్యంలో ‘వాజ్’ రాసినదాన్ని దిద్దండి గానీ మార్కు తీయకండి. మీరు రాసే పరీక్షలో మాత్రం ‘వర్’నే గుర్తించండి, నాలుగు జవాబుల ప్రశ్నల్లో వాళ్ళకు కావలసింది అదే. ఇక ఆ విద్యార్థి పుస్తకంలో ‘వర్’ను ‘వాజ్’ చేసి, దాని కిందే ‘ఇఫ్ మై ఫాదర్ వర్ ఎట్ హోమ్, హి వుడ్ ఆన్సర్ ద టీచర్’ అని ఇంకో వాక్యం రాసి ఇవ్వండి. మొదటి వాక్యంలో నాన్న ఇంట్లో ఉన్నారో లేదో టీచరుకు తెలియదు, రెండో వాక్యంలో ఆయన లేరని పిల్లవాడికి తెలుసు.